బాయిలరు మామ, పటిక టీచరు

కోదాడలో మా బడిలో ఫిజికల్ సైన్సు చెప్పే టీచరుకు మిర్యాలగూడలో ఒక మేనమామ ఉన్నారు. బాయిల్డ్ రైస్ మిల్లులో బాయిలరు ముందు ఏళ్ళ తరబడి చెమటోడ్చి రిటైరైన మనిషి. సూర్యాపేటలో జరిగే జిల్లా సైన్స్ ఫెయిర్‌లో మా పిల్లలు స్ఫటికాల మీద స్టాల్ పెడుతున్నారని ఫోన్లో విని, హుజూర్‌నగర్ మీదుగా బస్సెక్కి దిగారు. మెచ్చుకోవడానికి కాదు, వాదించడానికి. చార్టుల మీద అక్షరాలు రాసే పని నాది కనుక (తెలుగు పండితుడికి సైన్స్ ఫెయిర్‌లో దక్కే పని అదొక్కటే) నేనూ ఆ గదిలోనే ఉన్నాను. విన్నది రాశాను. నా మాటలు బ్రాకెట్లలో ఉన్నాయి.

మామ: ఏంది బిడ్డా, ఇన్ని గ్లాసులల్ల దారాలు ఏలాడదీసినవు?

టీచర్: పటిక స్ఫటికాలు మామా. వేడినీళ్ళలో పట్టినంత పటిక కరిగించి చల్లారబెట్టాం. అడుగున దిగిన పలుకుల్లో బాగున్నదాన్ని ఏరి, దారానికి కట్టి మళ్ళీ అదే నీళ్ళలో దింపాం. ఇదిగో, దింపినప్పుడు ఆవగింజంత. ఇప్పుడు శనగగింజ దాటింది. ఎనిమిది ముఖాలు, అన్నీ నున్నగా ఉన్నాయి. ఎవరూ చెక్కలేదు, సానపట్టలేదు.

మామ: పటిక మంగలి షాపుల గడ్డానికి రాస్తరు, దుకాణం గుమ్మానికి దిష్టికి కడుతరు. దానికోసం సూర్యాపేట దాక పోవాల్నా? నేను ఎరిగిన స్ఫటికాలు రెండే తీర్లు. ఒకటి వజ్రం, అది రాజులకు. రెండోది బాయిలర్ ట్యూబులల్ల పట్టే స్కేలు, అది నాకు పగోడు. రెండిట్ల ఏది చెప్పినా పిల్లలకు ఒరిగేదేమున్నది?

టీచర్: రెండూ చెప్తాను. ముందు వజ్రం. మనకు కృష్ణ అవతలి ఒడ్డే కదా కొల్లూరు. పదిహేడో శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు అక్కడికి వచ్చి, అరవై వేలమంది గనుల్లో పనిచేస్తున్నారని రాసుకున్నాడు. కోహినూర్ అక్కడిదేనని ఎక్కువమంది నమ్మకం. ఇప్పుడా గనులు పులిచింతల రిజర్వాయరులో మునిగిపోయాయి. మన చింతలపాలెం వైపు నిలబడి చూస్తే నీళ్ళే.

మామ: నీళ్ళ కింద ఉన్నదాన్ని స్టాల్‌ల ఎట్ల పెడుతవు?

టీచర్: పెన్సిల్ పెడతాను. పెన్సిల్ ములుకులో బంకమట్టితో కలిపి వాడేది గ్రాఫైట్. గ్రాఫైట్ కార్బనే, వజ్రమూ కార్బనే. ఇంకే సరుకూ కలవలేదు. వజ్రంలో ఒక్కో కార్బన్ పరమాణువు చుట్టూ ఉన్న నలుగురిని నాలుగు దిక్కులా గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఎటు చూసినా పట్టే. గ్రాఫైట్‌లో పొరలు. పొర లోపల పట్టు గట్టిదే, పొరకూ పొరకూ మధ్య మాత్రం వదులు. కాగితం మీద గీస్తే ఊడివచ్చేది ఆ పొరలే. భూమిలో నూటయాభై కిలోమీటర్ల లోతున, అంత బరువు కింద, అంత వేడిలో పుట్టింది కాబట్టి అది వజ్రమైంది. లోపలి నుంచి ఎగదన్నిన శిలాద్రవం దాన్ని పైకి తెచ్చింది. వానలూ ఏళ్ళూ ఆ రాయిని అరగదీసి కృష్ణ ఒడ్డు గులకరాళ్ళలో కలిపాయి.

మామ: అంటే సరుకు ఒకటే, పేర్చుడు వేరు. ఇది నాకు సమజైతది. మా గోడౌన్ల హమాలీలు బస్తాలు ఒక వరస నిలువు, మీద వరస అడ్డం పేరుస్తరు. అట్ల కడితే పైకప్పు దాక లేపినా ఒరగదు. అవే బస్తాలు లారీల నుంచి ఊరికె దొర్లిస్తే నడుములోతు కుప్ప గూడ నిలబడదు.

టీచర్: అంతే మామా. ఆ వరస ఈ మూల నుంచి ఆ మూల దాకా తప్పకుండా సాగితే స్ఫటికం. కుప్పగా పడితే గాజు. పిల్లలు ఇక్కడే పొరబడతారు. కిటికీ అద్దం మెరుస్తుంది కాబట్టి అదే స్ఫటికం అంటారు. అద్దంలో ఎక్కువ భాగం సిలికా. మన మూసీ ఇసుకలో తెల్ల పలుకు కూడా సిలికానే. దాన్ని క్వార్ట్జ్ అంటాం. మాసిపోయి మట్టి పట్టిన ఆ ఇసుక పలుకు స్ఫటికం. తళతళలాడే అద్దం కాదు. ఆ క్వార్ట్జ్ జాతినే ఫ్యాక్టరీలో పెంచి, సన్నగా కోసి, చేతి గడియారంలో పెట్టి కొద్దిగా కరెంటు ఇస్తే సెకనుకు 32,768 సార్లు అదురుతుంది. గడియారం ఆ అదుర్లను లెక్కపెట్టి ముల్లు కదుపుతుంది. అద్దం ముక్కను పెడితే ఆ పని చేయదు. వరస లేదు మరి.

మామ: సరె. గోడౌన్ల పేర్చెటందుకు హమాలీ ఉన్నడు. నీ గ్లాసుల ఎవడున్నడు? పిల్లలు ఇదే అడుగుతరు, చూసుకో.

టీచర్: ఎవరూ లేరు. అదే పిల్లలకు చెప్పాల్సిన అసలు సంగతి. నీళ్ళలో కరిగిన కణాలు ఊరుకోవు, తిరుగుతూ ఒకదానికొకటి తగులుతూనే ఉంటాయి. నీళ్ళు మోయగలిగినదానికన్నా ఎక్కువ కరిగి ఉందనుకో, కొన్ని ఒకచోట అంటుకుంటాయి, వెంటనే విడిపోతాయి. అంటుకుంటాయి, విడిపోతాయి. ఎప్పుడో ఒకసారి విడిపోనంత పెద్ద గుంపు తయారవుతుంది. అది విత్తనం. ఆ తర్వాత వచ్చిన ప్రతి కణమూ ఎక్కడ ఎక్కువ పట్టు దొరికితే అక్కడ కుదురుకుంటుంది. తప్పు చోట ఆగింది గట్టిగా పట్టుకోలేక మళ్ళీ నీళ్ళలోకి జారుతుంది. ఆ రాకపోకల్లోనే వరస తేలుతుంది. తొందరపెడితే తప్పుగా కూర్చున్నది జారిపోయేలోపే దాని మీద ఇంకోటి వచ్చి పడుతుంది. గ్లాసును ఫ్రిజ్‌లో పెట్టిన పిల్లవాడికి అడుగున రవ్వంత పలుకులు గుట్టగా వచ్చాయి. బీరువాలో కదలకుండా వదిలేసిన అమ్మాయికి ఈ పెద్దది వచ్చింది.

మామ: మరి ఉప్పో? నా మనవడు ఉప్పునీళ్ళు కాచి ఫ్రిజ్‌ల పెట్టిండు. తెల్లారినంక చూస్తే ఏమీ లేదు. పుస్తకంల అబద్ధం రాసిండ్రని పుస్తకం అవతల పారేసిండు.

టీచర్: పుస్తకం తప్పు కాదు, సరుకు తేడా. గది వేడిలో వంద గ్రాముల నీళ్ళు 36 గ్రాముల ఉప్పును మోస్తాయి. మరిగే నీళ్ళు మోసేది 39. అంటే చల్లార్చితే విడిచేది మూడు గ్రాములు, అంతే. చక్కెర సంగతి చూడు. గది వేడిలో దాదాపు 200 గ్రాములు, మరిగే దగ్గర 480 పైచిలుకు. అందుకే చక్కెర పాకాన్ని మెల్లగా చల్లార్చి నిలవబెడితే పటికబెల్లం పలుకులు కడుతుంది. ఉప్పును రాబట్టాలంటే నీళ్ళనే తీసేయాలి. చినగంజాం ఉప్పు మళ్ళలో ఎండ చేసే పని అదే. నీ మనవడిని ఉప్పునీళ్ళు పళ్ళెంలో పోసి మేడ మీద పెట్టమను. నలుచదరపు పలుకులు వస్తాయి.

మామ: పాకం అంటే యాదికొచ్చింది. మీ అత్త గులాబ్‌జామూన్ పాకంల నిమ్మకాయ పిండుతది. పిండకపోతే తెల్లారెవరకు గిన్నె అంచులకు చక్కెర కడుతదంటది. అంటే ఆమె గూడ స్ఫటికాన్ని పగోడి లెక్కనే చూస్తున్నదన్నట్టు!

టీచర్: పులుపుకు, వేడికి చక్కెరలో కొంత రెండుగా విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజు అవుతుంది. ఆ రెండూ మధ్యలో అడ్డుపడుతుంటే చక్కెర కణాలకు వరస కుదరదు. అత్తకు ఈ పేర్లు తెలియవు, పని తెలుసు.

మామ: నాకూ పనే తెలుసు. ఇప్పుడు నా పగోడి గురించి చెప్పనియ్యి. బోరు నీళ్ళు తేటగ కనబడతయి. బాయిలర్ల పోసి మరిగించి ఆవిరి తీసుకుంటం, నీళ్ళు తగ్గుతయి, మళ్ళ పోస్తం. కొన్నాళ్ళకు ట్యూబు తెరిచి చూస్తే లోపల తెల్లగ, రాయి తీరు పెచ్చు. సుత్తె పెట్టి కొడితే గాని రాదు. ఆ పెచ్చు వేడిని లోపలికి పోనియ్యదు. ఊక ఎంత పోసినా ఆవిరి లేవదు. ట్యూబు కాలి ఉబ్బుతది. ఒక్కోసారి పగులుతది. నీళ్ళను మెత్తపరిచే యంత్రాలు వచ్చినంక గాని మాకు ఊపిరి రాలె. నువ్వు పిల్లలకు స్ఫటికం అద్భుతం అని చెప్తే నేను ఎట్ల ఒప్పుకుంట?

టీచర్: ఆ పెచ్చు ఎందుకు కట్టిందో చెప్పనా? పటికకూ చక్కెరకూ వేడి పెరిగితే నీళ్ళలో చోటు పెరుగుతుంది. బోరు నీళ్ళలోని సున్నం తీరు తిరకాసు. చల్లటి నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది, దాని సాయంతో కాల్షియం కరిగి ఉంటుంది. మరిగిస్తే ఆ గ్యాసు ఎగిరిపోతుంది. సాయం పోయాక కాల్షియం కార్బొనేటుకు నీళ్ళలో ఉండే చోటు లేదు. అన్నింటికన్నా వేడిగా ఉన్నచోట, అంటే నీ ట్యూబు గోడ మీదే, కూర్చుంటుంది. దాన్ని కాల్సైట్ అంటారు. మట్టపల్లి, మేళ్ళచెరువు సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వుకునే సున్నపురాయిలో ఉన్నదీ కాల్సైటే. ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న రాయి అది.

మామ: అంటే హుజూర్‌నగర్ దిక్కు బండే నా ట్యూబుల మొలిచిందన్నట్టు.

టీచర్: ఒక్క బాయిలర్‌లోనే మొలవలేదు. నీకు ఆపరేషన్ ఎందుకైంది?

మామ: అది వేరే. కిడ్నీల రాయి.

టీచర్: వేరే ఏం కాదు. కిడ్నీ రాళ్ళలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. నువ్వు బాయిలరు ముందు పొద్దంతా చెమట కక్కావు. నీళ్ళు తాగే తీరిక లేదు. ఒంట్లో నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది. మోయగలిగినదానికన్నా ఎక్కువ ఆక్సలేటు, కాల్షియం అందులో పడి, ఎక్కడో ఒక విత్తనం దొరికి, దాని మీద పెరిగింది. గ్లాసులో పటికకు, నీ కిడ్నీలో రాయికి సూత్రం ఒకటే. అందుకే డాక్టరు మాత్రలకంటే ముందు నీళ్ళు తాగమంటాడు. పలచబడితే కొత్త కణం వచ్చి కూర్చోదు.

మామ: ఆ రాయిని సీసాల పెట్టి ఇచ్చిండ్రు. ముళ్ళు ముళ్ళుగ ఉండె. నీ పటిక తీరు నున్నగ లేదు.

టీచర్: ఆ సీసా స్టాల్‌కు ఇస్తావా?

మామ: సిగ్గు లేదానే!

(ఇక్కడ టీ వచ్చింది. ఇద్దరూ చక్కెర తక్కువ వేసుకున్నారు. ఆ సీసా స్టాల్‌కు వస్తే ముందు నిలబడేది జడ్జీలేనని నాకు అనిపించింది కాని, చెప్పే ధైర్యం చేయలేదు.)

టీచర్: నువ్వు స్ఫటికం నీ పగ అంటున్నావు గానీ, నీ కూడు పెట్టింది కూడా అదే. బియ్యపు గింజ నిండా పిండి రేణువులే కదా. ఒక్కో రేణువు మిల్లీమీటరులో వెయ్యోవంతులు ఐదారు ఉంటుంది. దాని లోపల పిండి గొలుసులు కొన్నిచోట్ల జంటలు జంటలుగా పెనవేసుకుని వరస కడతాయి. అంటే బియ్యం స్ఫటికమే.

మామ: ఆగు, ఆగు. కొన్నిచోట్ల అన్నవు. మళ్ళ బియ్యం స్ఫటికమే అన్నవు. ఏది ఖాయం?

టీచర్: కొన్నిచోట్లే. మూడోవంతు, అటూ ఇటూ. మిగతాది వరస లేని కుప్ప.

మామ: అట్ల చెప్పు మరి పిల్లలకు. పెద్ద మాట చెప్పి చిన్న మాట మింగొద్దు. ఇప్పుడు నా పని నేను చెప్పుత. వడ్లు వేడినీళ్ళల్ల కొన్ని గంటలు నానబెడతం. నీళ్ళు తీసి ఆవిరి పట్టిస్తం. ఆరబెట్టినంక మర పట్టిస్తం. అదే ఉప్పుడు బియ్యం. ఎందుకు చేస్తం? యాసంగి వడ్లు ఏప్రిల్, మే ఎండలకు కోతకొస్తయి. గింజ పగలంత ఎండి, రాత్రి తేమ పీల్చి లోపల పగుళ్ళు పడతది. దాన్ని పచ్చిగ మర పడితే సగం నూకే. ఉప్పుడు చేస్తే గింజ నిలుస్తది. బాయిల్డ్ రైస్ ఇక తీసుకోం అని కేంద్రం, తీసుకోవాల్సిందే అని రాష్ట్రం, 2021, 22ల ఢిల్లీ దాక ధర్నాలైనయి. ఆ లొల్లి అంత గింజల కంటికి కనబడని ఈ పగులు మీదనే.

టీచర్: ఆ పగులు ఎట్ల మూసుకుంటుందో చూడు. డెబ్బై డిగ్రీల దరిదాపుల్లో పిండి గొలుసుల వరస కరిగిపోతుంది. విడిపోయిన గొలుసులు నీళ్ళు పీల్చి ఉబ్బి, జిగురై పగుళ్ళలోకి నిండుతాయి. ఆరాక గింజంతా ఒకటే ముద్దగా గట్టిపడుతుంది. గింజ మధ్యలో తెల్లగా కనిపించే పొట్ట ఉంటుందే, అది పిండి రేణువుల మధ్య చిక్కిన గాలి. అదీ పోతుంది. పై పొరల్లోని బి1 విటమిన్ కొంత లోపలికి దిగుతుంది.

మామ: ఇప్పుడు దొరికినవు బిడ్డా! నీ నోటితోనే చెప్పినవు. వరస కరిగింది, గింజ నిలిచింది. మిర్యాలగూడ మిల్లులన్నీ బతికింది స్ఫటికాన్ని కరగబెట్టే గాని పెంచి గాదు. నీ స్టాల్ పేరేమో 'స్ఫటికాల గొప్పతనం'!

(ఈ ఒక్కచోట మామదే పైచేయి అని నా లెక్క. చార్టు మీద ఆ పేరు అప్పటికే ఎర్ర స్కెచ్‌పెన్‌తో రాసి ఉన్నాను, కాబట్టి నాకూ దెబ్బే.)

టీచర్: ఒప్పుకుంటాను. కానీ కరగబెట్టినదాన్ని అలాగే వదిలేయ్, ఏమవుతుందో చూడు. రాత్రి అన్నం పొద్దుటికి ఎందుకు బిరుసెక్కుతుంది? ఎండిపోయి అనుకుంటారు. మూత పెట్టినా బిరుసెక్కుతుంది. చల్లారాక విడిపోయిన గొలుసులు మళ్ళీ ఒకదాని పక్కన ఒకటి చేరి వరస కట్టడం మొదలుపెడతాయి. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా తొందరగా కడతాయి. మళ్ళీ ఆవిరి మీద పెడితే మెత్తబడుతుంది, అంటే వరస కరిగింది. చద్దన్నం గిన్నెలో ఇంత సైన్సు ఉంటే పిల్లలకు చెప్పొద్దంటావా?

మామ: చెప్పొద్దని ఎప్పుడన్న? గొప్పది, గొప్పది అని చెప్పొద్దంటున్న. మంచీ ఉన్నది, చెడ్డా ఉన్నది. మునుగోడు దిక్కు మా అక్కోళ్ళ ఊరు నీకు తెలుసుగద. అక్కడి పెద్దోళ్ళ పండ్లు చూసినవా? గోధుమరంగు చారలు. కొందరికి నడుము ఒంగి లేవలేరు. ఫ్లోరైడ్ నీళ్ళు. నల్లగొండ జిల్లా పేరు చెప్తే దేశమంత ఆ పండ్లే యాది చేసుకున్నది. ఆ ఫ్లోరైడ్ యాడికెళ్ళి వచ్చింది? మన కింద ఉన్న బండల నుంచే గద?

టీచర్: బండ నుంచే. మన కింద ఉన్నది గ్రానైట్. కరిగిన రాయి భూమి లోపల చాలా మెల్లగా చల్లారి, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, అభ్రకం విడివిడి స్ఫటికాలుగా పెరిగి ఒకదాన్నొకటి ఇరికించుకున్న రాయి. నల్లగొండ రాతి ముక్క మీద తెలుపు, గులాబీ, నలుపు మచ్చలు కనబడేది అందుకే. అందులో కొన్ని ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంది. బోరులోని నీళ్ళు ఏళ్ళ తరబడి ఆ రాతి పగుళ్ళలో నిలిచి దాన్ని కరిగించుకున్నాయి. ఇక పళ్ళు. పంటి పైపొర ఎనామెల్ బరువులో నూటికి 96 పాళ్ళు ఖనిజమే. కాల్షియం, ఫాస్ఫేటు కలిసిన సన్నని స్ఫటికాల కట్టలు. ఆ వరసలో హైడ్రాక్సైడ్ కూర్చునే చోట్లున్నాయి. ఫ్లోరైడ్ కూడా దాదాపు అంత సైజే ఉంటుంది కాబట్టి ఆ చోట్లలో దూరగలదు.

మామ: దూరితే చెడుతదా?

టీచర్: కొద్దిగా దూరితే గట్టిపడుతుంది. టూత్‌పేస్టులో వేసేది అందుకే. తాగే నీళ్ళలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము మించి, అదీ పంటి పైపొర తయారవుతున్న వయసులో, అంటే ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు రోజూ అందితే, ఆ పొర పూర్తిగా గట్టిపడదు. లోపల సందులు మిగులుతాయి. ఆ సందుల్లో రంగు పడుతుంది. ఒకసారి తయారైన ఎనామెల్ మళ్ళీ పెరగదు మామా. అందుకే ఆ మచ్చ బతుకంతా ఉంటుంది.

మామ: ఇది పెట్టు స్టాల్‌ల. వజ్రం కంటె ఇది పెట్టు.

టీచర్: పెడతాను. దాని పక్కనే నువ్వు తీసిపారేసిన పటికనూ పెడతాను. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో ఫ్లోరైడ్ తీయడానికి ఒక పద్ధతి కట్టింది. నీళ్ళలో సున్నం, పటిక వేసి కలియబెట్టి తేర్చడం, క్రిములకు బ్లీచింగ్ పౌడరు. ఆ పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరు. పటికలోని అల్యూమినియం మేఘంలా విచ్చుకుని ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. కృష్ణ నీళ్ళు పైపుల్లో రాకముందు అదే దిక్కయిన ఊళ్ళున్నాయి.

మామ: ఊఁ. ఇంకొకటి అడుగుత. లోపల వరస ఉన్నది, చోట్లున్నయి, దూరింది అంటున్నవు. ఎవరన్న పోయి చూసొచ్చిండ్రా?

టీచర్: చూశారు, కంటితో కాదు. ఎక్స్‌రే కిరణాన్ని స్ఫటికం గుండా పంపితే అవతలి ఫిల్ము మీద చుక్కల ముగ్గు పడుతుంది. వరస లేకపోతే చుక్కలు రావు, మసక వలయాలే. 1912లో జర్మనీలో లావే చూపించాడు ఇది. మరుసటి ఏడే ఇంగ్లండులో లారెన్స్ బ్రాగ్ ఆ చుక్కల లెక్క విప్పి, ఉప్పు పలుకులో సోడియం, క్లోరిన్ ఒకటి విడిచి ఒకటి ఎలా నిలబడ్డాయో చెప్పాడు. తండ్రీకొడుకులకు కలిపి 1915లో నోబెల్ ఇచ్చారు. కొడుక్కి అప్పుడు పాతికేళ్ళు.

మామ: అంత తెల్లోళ్ళే. మనోళ్ళు లేరా?

టీచర్: లేకేం! ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం. నిజాం కాలేజీలో చదివి, రామన్ దగ్గర పనిచేసి, ఉస్మానియాకు వైస్ చాన్సలర్ అయ్యాడు. స్ఫటికం ఏ దిక్కు నుంచి చూస్తే ఒకేలా ఉంటుందో, దాన్ని బట్టి వేడికి, కరెంటుకు, ఒత్తిడికి అది ఎలా మసలుకుంటుందో ముందే లెక్క కట్టొచ్చని చూపినవాళ్ళలో ఆయనొకరు. 1966లో దాని మీద పుస్తకమే తెచ్చాడు. మన కాలంలో గౌతమ్ దేశిరాజు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. ఫలానా వరస కావాలనుకుని దానికి తగిన అణువులను ఎంచుకోవడం ఎలాగో ఆయన 1989లో రాసిన పుస్తకాన్ని ప్రపంచమంతా చదివింది. 2014ను ఐక్యరాజ్యసమితి స్ఫటికశాస్త్ర సంవత్సరంగా జరిపినప్పుడు అంతర్జాతీయ స్ఫటికశాస్త్రజ్ఞుల సంఘానికి అధ్యక్షుడు ఆయనే.

మామ: మంచిది. దానితోని బీదోడికి ఏమొచ్చింది?

టీచర్: అత్త పొడుచుకునే షుగరు సూదికి మెరుగు వచ్చింది. ఇన్సులిన్ స్ఫటికానికి డొరొతీ హాడ్జ్‌కిన్ మొదటి ఎక్స్‌రే తీసింది 1935లో. పరమాణువుల అమరిక అంతా విప్పేసరికి 1969. ఆ అమరిక తెలియడం వల్ల తొందరగా పనిచేసే ఇన్సులిన్, మెల్లగా పనిచేసే ఇన్సులిన్ అని మార్చి చేయడం సులువైంది. హైదరాబాద్ చుట్టూ ఉన్న మందుల ఫ్యాక్టరీల్లో అడుగు. మందు తయారయ్యాక చివర్న దాన్ని స్ఫటికంగా రాబట్టడం పెద్ద పని. అదే మందు ఒక వరసలో కడితే కడుపులో కరుగుతుంది, ఇంకో వరసలో కడితే కరగదు. 1998లో ఎయిడ్స్ మందు రిటొనవిర్‌కు అదే జరిగింది. అప్పటిదాకా లేని కొత్త వరస క్యాప్సూళ్ళలో తలెత్తింది. సరుకు అదే, కరగడం తగ్గింది. క్యాప్సూళ్ళు బజారు నుంచి వెనక్కి తీసుకుని, మందు రూపమే మార్చాల్సి వచ్చింది.

మామ: నా కాడ ఉన్న మాట అదే గద మొదటికెళ్ళి. ఎక్కడ పెరగాల్నో అక్కడ పెరిగితే మందు, పెరగగూడని కాడ పెరిగితే స్కేలు.

టీచర్: మరి అది గొప్పతనం కాదా?

మామ: కాదు. అది దాని గుణం. గొప్పతనం మనం పెట్టుకున్న పేరు. పంతులుగారూ, ఆ చార్టు మార్చుండ్రి.

(చార్టు మార్చాను. 'స్ఫటికాలు: పెంచేవి, కరిగించేవి' అని రాశాను. టీచరు ముఖం చూస్తే నచ్చినట్టు లేదు. వద్దనీ అనలేదు.)

టీచర్: సరే, పేరు నీ ఇష్టం. సరుకు నా ఇష్టం. ఈ పెద్ద పటిక స్ఫటికాన్ని నల్ల గుడ్డ మీద మధ్యలో పెడతాను.

మామ: ఒక్కటేనా? మరి ఆ మూలకు పెట్టిన గ్లాసులు?

టీచర్: అవి చెడిపోయినవి. ఒకటి కదిలి దారం నిండా పలుకులు పట్టింది. ఒకటి నీళ్ళ ట్యాంకుల్లో వేసే మొద్దు పటికతో చేశారు. అది వేరే సరుకు, ముద్ద కట్టింది. తేటగా ఉన్న పటిక తెమ్మని చెప్పినా వినలేదు.

మామ: అవి గూడ పెట్టు. మంచిది ఒక్కటే పెడితే, పిల్లగాడు ఇంటికి పోయి చేస్తడు, ముద్ద కడుతది, నాకు రాదు అనుకుంటడు. నా మనవడు పుస్తకం పారేసినట్టు పారేస్తడు. ఎందుకు చెడిందో పక్కన రాసి పెట్టు.

టీచర్: జడ్జీలు మార్కులు తీసేస్తారు మామా. ఫెయిలైనవి తెచ్చారంటారు.

మామ: జడ్జీలకా, పిల్లలకా స్టాలు?

టీచర్: ఇద్దరికీ. రాష్ట్రస్థాయికి పోవద్దా మా పిల్లలు?

మామ: సరె, ఒక్కటి పెట్టు. దారం నిండా పట్టింది. అది చూడ ముచ్చటగనే ఉన్నది. నేను స్కేలు పెచ్చు తెస్తా. మిల్లుల పాత ట్యూబు ఒకటి పడి ఉన్నది. దాన్ని పిల్లలు ముట్టుకోవచ్చునా?

టీచర్: ముట్టుకోవడమేంటి, దాని మీద నిమ్మకాయ పిండిస్తాను. కాల్షియం కార్బొనేటు అయితే బుస్సున నురగ వస్తుంది. కాల్షియం సల్ఫేటు అయితే రాదు. మీ మిల్లు స్కేలు ఏదో?

మామ: ఏమో, నేను సుత్తెతోనే కొట్టిన గాని నిమ్మకాయ ఎన్నడు పిండలె. రెండూ కలిసి ఉంటె?

టీచర్: అక్కడక్కడ నురగ వస్తుంది. ఒక్కో పిల్లవాడూ ఒక్కో చోట పిండాలి మరి. మూడు డజన్ల నిమ్మకాయలన్నా కావాలి.

మామ: మిర్యాలగూడ మార్కెట్ల తెస్తా. ఈడ పిరం.